చేదు బీరుకు యాభై మార్కులు, జీలుగు కల్లుకు పన్ను



ఈసారి పోస్టు కాస్త పెద్దది. తాగుడు గురించి రాస్తున్నారేంటి అని మొదటి లైన్లోనే అడిగేవాళ్లు ఉంటారు కాబట్టి ముందే చెప్పేస్తున్నాం. ఇది తాగమని చెప్పే పోస్టు కాదు. తాగేవాళ్లని తిట్టే పోస్టు కూడా కాదు. ఒక పానీయాన్ని రుచి చూసి "ఇది బాగుంది, ఇది బాలేదు" అని తేల్చే అధికారం ఎవరి చేతిలో ఉండాలి అన్న గొడవ మన కొండల్లో ఒకప్పుడు తుపాకుల దాకా వెళ్లింది. ఆ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క లైన్లో అయిపోతుంది. మేము కాస్త నిదానంగా చెప్పాలనుకుంటున్నాం.

మాట ఎక్కడ మొదలైందంటే, మన గ్రూపులోంచి హైదరాబాద్, బెంగళూరు వెళ్లి హోటళ్లలో, కంపెనీల్లో పనిచేస్తున్న అన్నలు అప్పుడప్పుడు క్రాఫ్ట్ బీరు ఫోటోలు పెడుతుంటారు. "ఐపీఏ" అంటారు. స్ట్రాంగ్‌గా ఉంటుంది, చేదుగా ఉంటుంది, గ్లాసు ఖరీదు మన కూలీ డబ్బుల కన్నా ఎక్కువ ఉంటుంది. అంత చేదు నీళ్లకి అంత రేటేంటి, అది బాగుందని ఎవరు చెప్పారు అని అడిగితే, దానికి పరీక్ష ఉంది, జడ్జీలు ఉంటారు, మార్కులు వేస్తారు అన్నారు. మేము నవ్వుకున్నాం. తర్వాత చదివి చూస్తే నిజమే.

బీరు పోటీల్లో జడ్జీలకి ఒక కాగితం ఇస్తారు. అమెరికాలో పుట్టిన బీజేసీపీ అనే సంస్థ తయారు చేసిన కాగితం చాలా దేశాల్లో నడుస్తోంది. మొత్తం 50 మార్కులు. వాసనకి 12, చూపుకి 3, రుచికి 20, నోట్లో ఎలా ఆనుతుందో దానికి 5, మొత్తం మీద ఎలా అనిపించిందో దానికి 10. చూపుకి మూడే మార్కులు అన్నది మాకు బాగా నచ్చింది. రంగు చూసి మోసపోకూడదని వాళ్లకీ తెలుసన్నమాట.

జడ్జి గ్లాసు తీసుకోగానే తాగడు. ముందు వాసన చూస్తాడు, ఎందుకంటే వాసన ముందే ఎగిరిపోతుంది. వెలుతురుకి పట్టి రంగు, నురగ చూస్తాడు. నురగ ఎంతసేపు నిలబడిందో చూస్తాడు. మరీ చల్లగా ఉంటే నాలుక మొద్దుబారి ఏమీ తెలియదు కాబట్టి కాస్త చల్లదనం తగ్గనిస్తాడు. అప్పుడు ఒక గుక్క. వైను జడ్జీల్లాగా ఉమ్మడు, మింగుతాడు. చేదు గొంతు దిగాక కూడా ఎంతసేపు నిలబడుతోంది, అది శుభ్రమైన చేదా, నాలుకని గీరే చేదా అన్నది మింగితేనే తేలుతుంది.

ఆ చేదు హాప్స్ అనే తీగ పువ్వుల నుంచి వస్తుంది. తెలుగులో దానికి పేరు లేదు, మన వేడికి అది పెరగదు. ఆ పువ్వులో పసుపు పొడి లాంటి జిగురు ఉంటుంది. దాన్ని బార్లీ రసంలో వేసి మరిగిస్తే చేదు దిగుతుంది. మరగడం అయిపోయాక వేస్తే చేదు పెద్దగా రాదు కానీ నిమ్మతొక్క, మామిడి, దేవదారు లాంటి వాసనలు వస్తాయి. చేదుని ఐబీయూ అనే లెక్కలో కొలుస్తారు. మామూలు లైట్ బీరు పది, పదిహేను దగ్గర ఉంటే అమెరికన్ ఐపీఏ 40 నుంచి 70 దాకా ఉంటుంది, ఆల్కహాలు 5.5 నుంచి 7.5 శాతం. డబుల్ ఐపీఏ అంటే ఇంకా పైకి, 10 శాతం దాకా పోతుంది. మన దగ్గర వైన్ షాపులో "స్ట్రాంగ్" అని రాసి అమ్మే బీరుకీ దీనికీ పోలిక లేదు. దాంట్లో మత్తు ఉంటుంది, చేదు పెద్దగా ఉండదు. మంచి జడ్జి ఎంత మత్తు ఎక్కింది అని అడగడు. ఇంత మత్తు, ఇంత చేదు, వెనక బార్లీ తీపి, ఈ మూడూ తూకంగా నిలబడ్డాయా అని అడుగుతాడు. మత్తు మాత్రమే నాలుకకి తగిలితే మార్కులు పోతాయి.

ఇంతవరకూ చదివి మీలో కొండ ఊళ్ల వాళ్లు ఒకటి గమనించే ఉంటారు. ఈ పని మన పెద్దలు చేస్తారు. కాగితం ఉండదు, అంతే.

జీలుగు కల్లు దించిన పొద్దున ఏం జరుగుతుందో గుర్తు చేసుకోండి. ఆనపకాయ బుర్రలోంచి అడ్డాకు డొప్పలోకి వంచుతారు. మొదటి చుక్కలు నేలకి, పెద్దలకి. తర్వాత పెద్దాయన డొప్పని ముక్కు దగ్గరికి తెచ్చుకుంటాడు. నురగ చూస్తాడు. బతికున్న కల్లులో నురగ లోపల్నుంచి చిటపటమంటూ పైకి వస్తూనే ఉంటుంది, చచ్చిన కల్లులో పైన తేలి ఊరుకుంటుంది. ఒక గుక్క తాగి కాసేపు మాట్లాడడు. ఆ తర్వాత వచ్చే మాట తీర్పు. కుండ సరిగ్గా తోమలేదని చెప్తాడు. గెల చివర కోత ఆలస్యం చేశారని చెప్తాడు. నీళ్లు కలిస్తే పలచదనం తెలిసిపోతుంది. షాపు చక్కెర బిళ్ల కలిస్తే తీపి మింగాక కూడా నాలుక మీద అతుక్కుని ఉంటుంది, చెట్టు తీపి అలా అతుక్కోదు. ఆ తేడా చెప్పగలిగినాయనకి ఏ బోర్డూ సర్టిఫికెట్ ఇవ్వలేదు.

జీలుగు గురించి తెలియని మైదానం మిత్రుల కోసం రెండు మాటలు. ఇది తాడి కాదు, ఈత కాదు. ఆకు చేప తోకలా ఉంటుంది. కాయ ముట్టుకుంటే దురద. పక్కన ఒడిశాలో దీన్నే సలప అంటారు. ఈ చెట్టు జీవితం వింతగా ఉంటుంది. ఎన్నో ఏళ్లు పూయకుండా పెరిగి, పూత మొదలయ్యాక పైనుంచి కిందికి ఒక్కో గెల వేసుకుంటూ వస్తుంది, అట్టడుగు గెల అయిపోయాక చచ్చిపోతుంది. గెలకి చివర రోజూ పొద్దున, సాయంత్రం సన్నగా కోత పెడితే రసం కారుతుంది. మంచి చెట్టు రోజుకి 20 లీటర్లు దాటి ఇస్తుంది. కారినప్పుడు అది చక్కెర నీరు మాత్రమే. కుండలో, గాలిలో ఉన్న ఈస్ట్ ఆ చక్కెరని తినడం మొదలుపెడితే కొన్ని గంటల్లో కల్లు, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి పులుపు, ఇంకా ఉంచితే వెనిగర్. కుండకి లోపల సున్నం రాస్తే పులవదు, అదే నీరా. రంపచోడవరం దగ్గర పందిరిమామిడిలో ఉన్న ఉద్యాన పరిశోధన కేంద్రం జీలుగు నీరా, బెల్లం మీద పని చేసింది కూడా.

కల్లులో ఆల్కహాలు సుమారు 4, 5 శాతం. అంటే ఐపీఏ కన్నా తక్కువే. దాని బలహీనత ఒకటే, నిలవ ఉండదు. ఐపీఏ పుట్టుక కథ మొత్తం ఈ నిలవ గురించే. ఆ కథలో మనం కూడా పక్కన ఎక్కడో ఉన్నాం, చెప్తాం వినండి.

ఐపీఏ అంటే ఇండియా పేల్ ఏల్. పేరులో ఇండియా ఉంది కానీ తయారైంది ఇంగ్లండులో, తాగింది ఇంగ్లీషు దొరలు. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో లండన్ తూర్పున బో అనే చోట హాడ్జ్‌సన్ కుటుంబం బీరు కాచేది. ఈస్టిండియా కంపెనీ ఓడలు ఆగే రేవు దగ్గర్లోనే ఉండేది. ఓడ కెప్టెన్లు సొంత వ్యాపారం కింద ఆ బీరు పీపాలు కొనుక్కుని కలకత్తాలో, మద్రాసులో, బొంబాయిలో అమ్ముకునేవాళ్లు. ఓడ ఆఫ్రికా కొన చుట్టి రావాలి, నెలలు పడుతుంది, దారిలో భూమధ్యరేఖ వేడి రెండుసార్లు దాటాలి. మామూలు బీరు పులిసిపోతుంది. హాప్స్ ఎక్కువ వేస్తే పులిపే బ్యాక్టీరియా అణిగి ఉంటుంది. కాబట్టి హాప్స్ దండిగా వేసిన బీరు పంపారు. 1822 ప్రాంతంలో బర్టన్ అనే ఊరి ఆల్‌సాప్ కంపెనీ ఈ వ్యాపారంలోకి దిగింది. అక్కడి భూగర్భ నీటిలో జిప్సం ఎక్కువ, ఆ నీటితో కాచిన బీరులో చేదు ఇంకా శుభ్రంగా పలుకుతుంది. ఇండియా కోసమే హాడ్జ్‌సన్ ఒక్కడు కూర్చుని కొత్త బీరు కనిపెట్టాడన్న కథ నమ్మకండి. హాప్స్ నిలవకి పనికొస్తాయని వాళ్లకి అంతకుముందే తెలుసు, లేత రంగు బీరూ అప్పటికే ఉంది.

ఇక్కడ మేము ఆగి ఆలోచించాం. మద్రాసు ప్రెసిడెన్సీలో దొరకి తన ఊరి బీరు చెడకుండా రావాలి, దానికోసం సముద్రం దాటించే ఏర్పాటు ఉంది. అదే ప్రెసిడెన్సీలో కొండ మీద మనిషి తన చెట్టు కల్లు తను తాగడానికి అడ్డం వచ్చింది. ఎలా వచ్చిందో చూద్దాం.

నర్సీపట్నం అప్పట్లో గొలుగొండ తాలూకాకి ముఖ్య పట్టణం. పైన గూడెం, చింతపల్లి కొండలు. వాటికి నైరుతిగా గోదావరి జిల్లా వైపు రంప కొండలు. రంపలో మన్సబుదారు ఉండేవాడు, అతని కింద ముఠాదార్లు. కొండ జనం కల్లు గీసుకున్నందుకు మన్సబుదారుకి కట్టే పన్ను ఒకటి ఉండేది, దాని పేరు చిగురుపన్ను. పేరు ఎంత లేతగా ఉందో చూడండి. దాన్ని పెంచి వసూలు చేయబోవడం ఒక దెబ్బ. దానికి తోడు మొదలుపన్ను అని మరో వసూలు. అంతకన్నా పెద్ద దెబ్బ సర్కారు అబ్కారీ నిబంధనలు. ఇంట్లో తాగడానికి కూడా సొంతంగా కల్లు గీయకూడదు. కల్లు హక్కు మైదానం నుంచి వచ్చిన గుత్తేదార్లకి పాట పెట్టి ఇచ్చారు. మన చెట్టు, మన కోత, మన కుండ, కానీ ముందు గుత్తేదారు మనిషికి డబ్బు కట్టాలి. కింద నుంచి వచ్చిన వ్యాపారులు అప్పుల పేరుతో కోర్టు డిక్రీలు తెచ్చి పశువుల్ని తోలుకుపోవడం, పోలీసుల మామూళ్లు, ఇవన్నీ పక్కన ఉండనే ఉన్నాయి.

జీలుగు కల్లు కొండ మనిషికి సరదా తాగుడు అనుకుంటే ఈ కోపం అర్థం కాదు. 1940లలో గోదావరి కొండల్లో తిరిగిన హైమెన్‌డార్ఫ్ కొండరెడ్ల మీద రాసిన పుస్తకం 1945లో వచ్చింది. తిండిగింజలు అయిపోయిన రోజుల్లో జీలుగు కల్లు ఎలా కడుపు నింపేదో అందులో ఉంది. చెట్టు నరికాక లోపలి గుజ్జు దంచి పిండి తీసి తినడం కూడా మన ముసలోళ్లకి తెలిసిన విద్యే. గింజలు లేని నెలల్లో అది అంబలికి బదులు. దాని మీద పన్ను అంటే కంచం మీద పన్ను.

1879 మార్చిలో రంప తిరగబడింది. చోడవరం దగ్గర పోలీసుల మీద పడ్డారు. ఏప్రిల్ నాటికి గొలుగొండ కొండలకి, అంటే మన నర్సీపట్నం పైకి పాకింది. జూలైకి భద్రాచలం వైపు రేకపల్లికి పాకింది. తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య, అంబుల్‌రెడ్డి పేర్లు మీరు వినే ఉంటారు. చంద్రయ్య అడ్డతీగల పోలీసు స్టేషన్ని తగలబెట్టాడు. 1880లో చంద్రయ్య, తమ్మన్నదొర ఇద్దరూ చనిపోయాక ఫితూరీ అణిగింది. విచారణ చేసిన సర్కారే కల్లు నిబంధనలు, మన్సబుదారు దోపిడీ ముఖ్య కారణాలని ఒప్పుకోక తప్పలేదు. మన్సబుదారుని తప్పించి ముఠాదార్లకి నేరుగా సనదులు ఇచ్చారు.

చరిత్ర పుస్తకాల్లో కొన్ని చోట్ల దీన్ని "కల్లు పన్ను మీద తిరుగుబాటు" అని కొట్టేసినట్టు రాస్తారు. తాగుడు కోసం కొట్లాడారన్న వెక్కిరింత అందులో వినపడుతుంది. మాకు ఒళ్లు మండుతుంది. అమెరికాలో బోస్టన్ రేవులో 1773లో టీ పెట్టెలు సముద్రంలో పారేశారు. దాన్ని టీ తాగుడు కోసం గొడవ అని ఎవరైనా రాస్తారా?

ఫితూరీ తర్వాత ప్రెసిడెన్సీ మొత్తానికి 1886లో మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. మైదానంలో గీసే ప్రతి చెట్టుకీ నంబరు, ప్రతి చెట్టుకీ పన్ను. సారాకి సైక్స్ హైడ్రోమీటరు. అది ఒక తేలే గోళం. ద్రవంలో ముంచితే ఎంత మత్తు ఉందో అంకె చెప్తుంది. ఇక్కడే ఒక మార్పు జరిగిందని మేము అనుకుంటున్నాం. అప్పటిదాకా పానీయం గురించి చివరి మాట రుచి చూసిన మనిషిది. ఇప్పుడు చివరి మాట అంకెది. అబ్కారీ ఆఫీసరు అడిగే ప్రశ్నలు రెండే, ఎంత మత్తు ఉంది, ఎంత పన్ను వస్తుంది. పులిసిందా, బతికుందా, కుండ శుభ్రమేనా అన్నవి ఆ రిజిస్టరులో లేవు. భూమిశిస్తు తర్వాత మద్రాసు సర్కారుకి పెద్ద రాబళ్లలో ఇది ఒకటి అయి కూర్చుంది. మత్తుకి పన్ను కడుతున్నప్పుడు కొనేవాడూ మత్తునే చూస్తాడు. రుచి ఎవడికి కావాలి?

సారా, కల్లు ఒకటి కాదని కూడా ఇక్కడే చెప్పాలి. బెల్లం, నవాసారం వేసి ఊరబెట్టి కాచిన నాటుసారా మన ఊళ్లకి చేసిన చేటు మనకి తెలుసు. ఈ గ్రూపులో తండ్రిని సారాకి పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల ముందు జీలుగు కల్లు గొప్పలు చెప్పడం మాకూ ఇబ్బందిగానే ఉంది. కానీ రెండింటినీ ఒకే గాట కట్టడం ఆ హైడ్రోమీటరు చేసిన పనే.

ఇప్పుడు అల్లూరి దగ్గరికి వద్దాం. చాలామందికి తికమక ఇక్కడే. 1879లో కల్లు హక్కు కోసం లేచిన కొండలే 1922లో మళ్లీ లేచాయి, ఈసారి నడిపించినాయన తాగొద్దని చెప్పినాయన. కృష్ణదేవిపేట ప్రాంతంలో ఉంటూ సీతారామరాజు మద్యం మానండి, తగాదాలు కోర్టుకి తీసుకెళ్లొద్దు, పంచాయతీల్లో తేల్చుకోండి అని ఊరూరా చెప్పాడు. సహాయ నిరాకరణ రోజులవి, మైదానంలో కల్లు దుకాణాల ముందు పికెటింగులు జరుగుతున్నాయి. కొండ మీద గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి చింతపల్లి వైపు రోడ్డుకి జనాన్ని వెట్టికి తోలాడు. అడవి చట్టాలు పోడుని బిగించాయి. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్లు వరసగా పడ్డాయి. గాం గంటందొర, మల్లుదొర ముందున్నారు. సర్కారు దళాలకి నర్సీపట్నమే స్థావరం అయింది. 1924 మే 7న కొయ్యూరులో రాజుని కాల్చి చంపారు, కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. ఇంతవరకూ సినిమాల వల్ల అందరికీ తెలిసిందే.

తికమక ఎందుకు లేదంటున్నామంటే, చంద్రయ్య గుత్తేదారుకి డబ్బు కట్టనన్నాడు. రాజు గుత్తేదారు దగ్గర కొనొద్దన్నాడు. ఇద్దరి మాటతోనూ నష్టపోయేది ఆ గుత్తేదారే. తాగాలా వద్దా అన్నది మనలో మనం తేల్చుకునే మాట, కచేరీలో తేలే మాట కాదు అన్నంత వరకూ రెండు ఫితూరీలూ ఒకే పక్కన ఉన్నాయి. కోర్టు వద్దు పంచాయతీ కావాలి అన్న రాజు మాటలోనూ అదే ఉంది. ఆయన మద్యం వద్దన్నది కొండ మనిషిని తక్కువ చేసి కాదు. దొరలు, మైదానం పెద్దమనుషులు వద్దన్నప్పుడు మాత్రం ఆ తక్కువచూపు ఉండేది, ఇప్పటికీ ఉంటుంది. హాస్టల్లో "మీ ఏజెన్సీవాళ్లు పుట్టగానే కల్లు తాగుతారంట కదా" అనిపించుకోని వాళ్లు మనలో ఎంతమంది?

స్వాతంత్ర్యం తర్వాత కథ వేగంగా చెప్పేస్తాం. 1948కి మద్రాసు రాష్ట్రమంతా మద్యనిషేధం. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954 నవంబరులో ప్రకాశం పంతులు ప్రభుత్వం ఈ నిషేధం గొడవ మీదే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1990లలో దూబగుంట ఆడవాళ్లు మొదలుపెట్టిన సారా ఉద్యమం, 1995లో పూర్తి నిషేధం, 1997లో సడలింపు. ప్రతిసారీ నిర్ణయం కింద జరిగింది, అమలు పైకి ఎక్కింది.

కొండలకి పనికొచ్చే మాటలు రెండే వచ్చాయి. 1970ల మధ్యలో కేంద్రం గిరిజన ప్రాంతాల్లో వ్యాపార మద్యం అమ్మకాలు ఆపండి, ఆదివాసీలు సొంత వాడకానికి తమ పానీయం చేసుకోనివ్వండి అని రాష్ట్రాలకి మార్గదర్శకాలు పంపింది. రెండోది 1996 పెసా చట్టం. అందులో 4వ సెక్షన్ మత్తు పానీయాల అమ్మకం, వాడకం నిషేధించాలా, నియంత్రించాలా, హద్దు పెట్టాలా అనే అధికారం గ్రామసభ, పంచాయతీల చేతిలో పెట్టమంటుంది. మన రాష్ట్రంలో దానికి రూల్స్ 2011లో వచ్చాయి. నిషేధించే అధికారం, అనుమతించే అధికారం ఒకేచోట ఉన్నాయి గమనించండి. చంద్రయ్య అడిగిందీ, రాజు చెప్పిందీ ఒకే సెక్షన్లో పడుకున్నాయి.

కానీ ఆ సెక్షన్ షెడ్యూల్డ్ ఏరియాకే. నర్సీపట్నం షెడ్యూల్డ్ ఏరియాలో లేదు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు చింతపల్లి, కొయ్యూరు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్తే నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో ఉండిపోయింది. గొలుగొండ, నాతవరం, రోలుగుంట వైపు కొండ అంచున ఉన్న మన ఊళ్లు చాలావరకు నాన్-షెడ్యూల్డ్. ఘాట్ పైన ఉన్న ఊరికి జీలుగు చెట్టు గురించి గ్రామసభలో మాట్లాడే హక్కు ఉంది. అదే తెగ, అదే ఇంటిపేరు, అదే చెట్టు, ఘాట్ కింద ఉన్న ఊరికి లేదు, ఎక్సైజు చట్టం ఒక్కటే ఉంది. ఈ ఊళ్లని అయిదో షెడ్యూల్లో కలపమని ఏళ్ల తరబడి అడుగుతున్న మాటలో భూమి, సర్టిఫికెట్లతో పాటు ఇది కూడా ఉందని మా అభిప్రాయం.

రుచి చూసే మనిషి లేకపోతే ఏమవుతుందో తెలంగాణ కల్లు దుకాణాలు చూపించాయి. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, అల్ప్రాజోలమ్ కలిపిన నీళ్లే కల్లు పేరుతో పోయాయి. తాగేవాడు మత్తుకి అలవాటు పడ్డాడు, నాలుక అలవాటు పోయింది. అసలు కల్లు ఇస్తే "ఇందులో ఏం లేదు" అని తిప్పికొట్టిన వాళ్లు ఉన్నారు. మన వైపు కూడా నిబ్బరంగా ఉండొద్దు. 2022 ఫిబ్రవరిలో రాజవొమ్మంగి మండలం లోదొడ్డిలో జీలుగు కల్లు తాగి అయిదుగురు చనిపోయారు. ఎంత మంచి నాలుకైనా అన్నీ పట్టలేదు. చెట్టు ఎవరిదో, ఎవరు దించారో, కుండ రాత్రి ఎక్కడుందో తెలిసి ఉండటం కూడా ఆ పరీక్షలో భాగమే. టూరిస్టుల కోసం రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసాల్లో పెట్టి అమ్ముతున్నప్పుడు ఆ భాగం ఎగిరిపోతుంది.

ఐపీఏ తాగే కుర్రాళ్లు చేసిన మంచి పని ఒకటుంది. ఒప్పుకోవాలి. పెద్ద కంపెనీలు అన్నీ ఒకే రుచి బీరు చేసి అమ్ముతుంటే, చిన్న చిన్న కాపులవాళ్లు ఎదురు తిరిగి, మత్తు కాదు రుచి చూడండి అని జనానికి నేర్పారు. దానికి మాటలు తయారు చేసుకున్నారు. నిమ్మతొక్క వాసన, పచ్చగడ్డి వాసన, తడిసిన అట్ట వాసన. తడిసిన అట్ట అంటే పాతబడిందని గుర్తు. ఆ మాటల వల్లే వాళ్ల నాలుకకి గౌరవం వచ్చింది. మన పెద్దల దగ్గర అంతకన్నా ఎక్కువ మాటలు ఉన్నాయి, కానీ అవి తెలుగు టెక్స్ట్‌బుక్కులోకి రాలేదు, మనమూ హాస్టళ్లకి వచ్చాక వాటిని ఊళ్లో వదిలేశాం. వాటితో పాటు చెట్లూ పోతున్నాయి. జీలుగు పూతకి రావడానికి ఏళ్లు పడుతుంది, కొత్తవి నాటేవాళ్లు తక్కువ.

అందుకని ఒక పని పెట్టుకున్నాం. మీ ఊళ్లో, మీ భాషలో, కువి అయినా, కొటియా అయినా, గదబ అయినా, మన కొండ తెలుగు అయినా సరే, ఈ మాటలు సేకరించి పంపండి. అప్పుడే దించిన తీపి కల్లుని ఏమంటారు, మధ్యాహ్నందాన్ని ఏమంటారు, మర్నాటి పుల్లటిదాన్ని ఏమంటారు. మొదటి గెల కల్లుకీ చివరి గెల కల్లుకీ వేరే పేర్లు ఉన్నాయా. నురగకి, చేదుకి, వగరుకి ఎన్ని మాటలు ఉన్నాయి. చెడిపోయిందని చెప్పడానికి ఏ మాట వాడతారు. మాట ఏ ఊరిదో, ఏ తెగదో తప్పకుండా రాయండి, చెప్పిన పెద్దల పేర్లు మాత్రం బయట పెట్టొద్దు, కావాలంటే వయసు రాయండి చాలు. తాగని ఇళ్లలోని ముసలమ్మల్ని కూడా అడగండి, వాసన చూసి చెప్పేది చాలాచోట్ల వాళ్లే.